ఉంగరాల జుట్టు – మన సౌందర్యదృష్టి

వెంట్రుక వేసి కొండను లాగితే వస్తే కొండ, పోతే వెంట్రుక అని మన సామెత. సామెత చెప్పేవాళ్ళందరూ వెంట్రుకకు విలువ లేదన్న అర్థంలోనే చెబుతారు. కాని దీన్ని మొదట అన్నవాడెవడో వెంట్రుకను చేత్తో పట్టుకుని తెంపబోయి తెగక ఆశ్చర్యపోయినవాడై ఉండాలని నా అనుమానం. లేకపోతే కొండను లాగడానికి నూలుపోగునో గడ్డిపరకనో వేసేవాడు. అయితే ఆ మనిషి మనసులో ఉన్న వెంట్రుక ఎటువంటిది? నిటారుగా, పొడుగ్గా, నల్లగా జారే వెంట్రుకేనా? చుట్టలు చుట్టుకుని తలను అంటిపెట్టుకుని ఉండే వెంట్రుక అతనికి గుర్తొచ్చి ఉంటుందా? సాహిత్యవ్యాసంలో ఈ ప్రశ్న ఎందుకని పాఠకులు అడగవచ్చు. నాకు ఈ ప్రశ్న వేసింది సాహిత్యం కాదు, ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి.

రెండేళ్ళ కిందట నేను పనిచేసే బడిలో వార్షికోత్సవానికి 'మాయాబజార్' ఘట్టం ఒకటి వేయించాం. నాటకం బాధ్యత తెలుగు పంతులుది కనుక వేషాలు పంచింది నేనే. ఆ అమ్మాయి గొంతు పెద్దది, ఉచ్చారణ శుభ్రమైనది. ఘటోత్కచుడి వేషం ఇచ్చాను. ఆమె జుట్టు బిగుతైన ఉంగరాల జుట్టు, దువ్వినా నిక్కే ఉంటుంది. మిగతా పిల్లలందరికీ విగ్గులు అద్దెకు తెచ్చాం, ఆమెకు తేలేదు. "నీకు విగ్గు ఖర్చు మిగిలింది" అని నేనే నవ్వుతూ అన్నాను. పిల్లలూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కాసేపయ్యాక దగ్గరికి వచ్చి అడిగింది: "ఘటోత్కచుడు మాయాశశిరేఖ అయితడు గద సార్, అప్పుడు నాకు విగ్గు పెడ్తరా?"

మాయాశశిరేఖ వేషానికి అప్పటికే నేను వేరే అమ్మాయిని అనుకుని ఉన్నాను. కథలో ఘటోత్కచుడు శశిరేఖ కాగలడు. మా బడిలో ఆ అమ్మాయి కాలేదు. ఇరవై ఏళ్ళుగా తరగతిగదిలో పాలకవర్గ సంస్కృతి గురించీ, అభ్యుదయ దృక్పథం గురించీ మాట్లాడుతున్న మనిషిని. ఆ సంస్కృతి నా నోటి వెంట ఎంత సునాయాసంగా వచ్చిందో ఆ రోజు తెలిసింది. ఈ వ్యాసం అక్కడినుంచి మొదలైంది.

మొదట ఘటోత్కచుడి సంగతే చూద్దాం. ఆ పేరులో 'ఘటం' ఉంది, 'ఉత్కచం' ఉంది. ఉత్కచుడంటే వెంట్రుకలు లేనివాడనీ, వెంట్రుకలు నిక్కినవాడనీ రెండు రకాలుగా అర్థం చెబుతారు. మొదటి అర్థంలో అతని తల కుండలా నున్నన. రెండో అర్థం తీసుకున్నా ఉంగరాల ప్రసక్తి ఎక్కడా లేదు. అయినా మన రంగస్థలం మీదా, 1957లో వచ్చిన 'మాయాబజార్' సినిమాలోనూ ఘటోత్కచుడంటే దట్టమైన ఉంగరాల జుట్టే. తెల్లాపూర్‌లో నేనుండే ఇంటికి కొద్ది దూరంలో, శేరిలింగంపల్లిలో, సురభి నాటక కుటుంబాల కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ సమాజం తెలుగువాళ్ళకు పౌరాణిక పాత్రల ముఖాలు నిర్ణయించినవాటిలో ఒకటి. అక్కడి నాటకాలు చూస్తూ ఒక విషయం గమనించాను. కృష్ణుడి విగ్గుకూ ఉంగరాలున్నాయి, రాముడి విగ్గుకూ ఉన్నాయి. కాబట్టి మనవాళ్ళు ఉంగరాలను రాక్షసులకు మాత్రమే కేటాయించారనడం పొరపాటు. తేడా మరోచోట ఉంది. దేవుళ్ళ ఉంగరాలు నూనె రాసినట్టు భుజాల మీదికి జారుతాయి. రాక్షసుల జుట్టు చెదిరి నిక్కుతుంది. జారేది దైవం, నిక్కేది రాక్షసం. ఈ తేడా దగ్గర కొంచెం నిలబడాలి, భౌతికశాస్త్రం కూడా చివరికి మనల్ని ఇక్కడికే తెస్తుంది.

ప్రబంధాల్లో నాయిక కేశవర్ణన తెలియని తెలుగు విద్యార్థి ఉండడు. మేఘం, తుమ్మెదల బారు, చీకటి, నెమలిపించం, నీలమణి, నాచు. ఈ ఉపమానాల జాబితాను పరీక్ష కోసం మేమూ వల్లించాం. వీటిలో ఏది తీసుకున్నా కవి చూసేవి మూడే: నలుపు, ఒత్తు, జాలువారడం. వంకరకు ఒక్కచోటే అనుమతి ఉంది, నుదుటి మీద. అక్కడ వాటిని అలకలన్నారు, ముంగురులన్నారు. 'కుటిల' అనే విశేషణం ముంగురులకు వేస్తే అందం, మనిషికి వేస్తే తిట్టు. వాడుకభాష మరింత నిజాయితీగా ఉంది. నొక్కుల జుట్టు, రింగుల జుట్టు, గిరజాల జుట్టు అని రకాలు వేరుచేసింది. ఇవన్నీ మెచ్చుకోలు మాటలు. జుట్టు ఇంకా బిగిసి, ఉంగరం మరీ చిన్నదైతే మెచ్చుకోలు మాటలు ఆగిపోతాయి. అక్కడినుంచి గొర్రెబొచ్చు, పీచు, చింపిరి. చింపిరి అంటే నిజానికి దువ్వని తల. దువ్వినా చింపిరిలాగే కనిపించే తలకు తెలుగులో వేరే మాట లేదు. మాట లేకపోవడం కూడా ఒక చారిత్రక సాక్ష్యమే.

జారే కేశపాశానికి ఒక ఆర్థిక పునాది ఉంది. మోకాళ్ళ దాకా జడ పెంచాలంటే నూనె కావాలి, సాంబ్రాణి ధూపం కావాలి, చిక్కు తీయడానికి పక్కన దాసి కావాలి, అన్నిటికంటే ముందు తీరిక కావాలి. ఎండలో నాట్లు వేసే మనిషి కొప్పు ముడేసి కొంగు కప్పుకుంటుంది. "కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమే" అన్నది ఆస్తి ఉన్నవాళ్ళ గురించి చెప్పే సామెత అయింది ఊరికే కాదు. అయితే దీన్ని యాంత్రికంగా భూస్వామ్య ప్రబంధకవుల మీదికి తోసేసి మనం చేతులు కడుక్కోలేం. మన అభ్యుదయ కవిత్వం కూలిస్త్రీ చేతికి కొడవలి ఇచ్చింది, తలకు మాత్రం ప్రబంధ నాయిక కురులనే ఉంచింది. పాత సంచికలు తిరగేసి చూడండి, గాలికి ఎగిరే కురులు ఎన్ని కనిపిస్తాయో. నేను రాసిన రెండు మూడు కవితల్లోనూ ఉన్నాయి. (అవి ఎవరికీ గుర్తులేకపోవడం నా అదృష్టం.)

కురుల బలం కూడా మన సాహిత్యంలో ఉంది, వేరే రూపంలో. ద్రౌపదిని సభకు ఈడ్చింది జుట్టు పట్టుకునే. ఉద్యోగపర్వంలో ఆమె కృష్ణుడికి సాక్ష్యంగా చూపింది ఆ జుట్టునే. మనం "అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు" అంటాం. జుట్టు ఒక పట్టు, పైచేయి ఉన్నవాడికి దొరికే తాడు. ఆ తాడు తెగదని అందరికీ తెలుసు.

ఈ నేల మీద బిగుతైన ఉంగరాలకు గౌరవం దొరికిన చోటు ఒకటుంది. అది బుద్ధుడి తల. అమరావతిలో, నాగార్జునకొండలో క్రీస్తుశకం తొలి శతాబ్దాల శిల్పులు చెక్కిన బుద్ధమూర్తుల తలలు చూడండి. నత్తగుల్లల్లా చిన్న చిన్న చుట్టలు, తలకు అంటుకుని, వరసగా ఉంటాయి. మహాపురుష లక్షణాల్లో కుడివైపు తిరిగిన కేశాలు కూడా ఉన్నాయని బౌద్ధసంప్రదాయం. రాజకుమారుడు సిద్ధార్థుడు కత్తితో జుట్టు కోసుకున్నాక మిగిలిన పొట్టి వెంట్రుకలు అలా చుట్టుకున్నాయనీ, తర్వాత ఎన్నడూ పెరగలేదనీ కథ. ఇక్కడ ఉంగరం వైరాగ్యానికి గుర్తు. రాజసం వదిలేసిన తల అది. మన కవులు అమరావతి శిల్పాలను తలచుకుని చాలా రాశారు. ఆ తలల మీది జుట్టును ఎవరైనా తెలుగు నాయకుడికి పెట్టారా అంటే నాకు కనిపించలేదు.

ఆ చుట్టలు మరొకరి కంటపడ్డాయి. 1786లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీలో సర్ విలియం జోన్స్ చేసిన ప్రసంగం భాషాశాస్త్ర విద్యార్థులందరికీ తెలుసు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలన్నది ఆ ప్రసంగంలోనే. అదే ప్రసంగంలో ఆయన బుద్ధవిగ్రహాల ఉంగరాల జుట్టును ప్రస్తావించి, భారతదేశానికీ ఇథియోపియాకూ పూర్వం జాతిసంబంధం ఉండేదన్న వాదానికి దాన్ని వాడుకున్నాడు. భాషలను గురించిన వాక్యం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. జుట్టును గురించిన వాక్యం మరుగున పడింది. మరుగున పడింది వాక్యమే, ఆ పద్ధతి చావలేదు. శిల్పి సంకేతంగా చెక్కినదాన్ని జాతిలక్షణంగా చదవడం, మనిషి తల చూసి వంశవృక్షం గీయడం తర్వాతి నూరేళ్ళలో పెద్ద శాస్త్రమై కూర్చుంది.

ఇథియోపియాతో మనకు సంబంధం ఉన్నమాట నిజమే, కాని అది పుర్రెల్లో వెతకవలసినది కాదు. దక్కను చరిత్రలో, బానిసల అంగట్లో ఉంది. హబ్ష్ అంటే అబిసీనియా. అక్కడినుంచి వచ్చినవాళ్ళు హబ్షీలు, సిద్దీలు. 1548 ప్రాంతంలో ఇథియోపియాలో పుట్టి, చేతులు మారుతూ అమ్ముడుపోయి దక్కనుకు చేరిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి, మొగలు సైన్యాలను ముప్పుతిప్పలు పెట్టి 1626లో చనిపోయాడు. హైదరాబాదులో సిద్దిఅంబర్ బజారు ఉంది. హబ్సిగూడ పేరులో హబ్షీలున్నారనే అంటారు. మాసాబ్‌ట్యాంకు పక్కన ఏసీ గార్డ్స్ ఉంది. ఆ రెండక్షరాలకు ఎయిర్ కండిషన్ అని అర్థం చెప్పిన విద్యార్థి నా దగ్గరే ఉన్నాడు. అవి ఆఫ్రికన్ కావల్రీ, నిజాముల ఆశ్వికదళం. వనపర్తి సంస్థానం నుంచి నిజాముకు చేరిందని చెప్పే ఈ దళం ఊరేగింపుల్లో నిజాము వెంట నడిచేది. 1948 పోలీసు చర్య తర్వాత రాజ్యం పోయింది, దళం రద్దయింది. గుర్రాలు పోయాయి, జీతాలు పోయాయి, మనుషులు అక్కడే మిగిలారు. హైదరాబాదు పెళ్ళిళ్ళలో మోగే మర్ఫా వాద్యంలో యెమెన్ అరబ్బుల చెయ్యి ఎంత ఉందో వీళ్ళ చెయ్యీ అంత ఉంది.

తెలంగాణ సాయుధ పోరాటం మీద మనకు నవలలున్నాయి, కథలున్నాయి, పాటలున్నాయి. దేవిడీలు, గడీలు, రజాకార్లు అందరూ వచ్చారు. హబ్షీ కావలివాడు కనిపించే కొద్దిచోట్లా తలుపు దగ్గరి నీడలాగే నిలబడతాడు. నల్లని దేహం, ఉంగరాల జుట్టు, భయం. అతనికి మాట లేదు. తన పూర్వీకులు అమ్ముడుపోయి వచ్చారని తెలిసిన మనిషి నిజాముకు కావలి కాయడంలో ఎంత కథ ఉంది! రాజ్యానికి లాఠీ అయినవాడు కూడా పీడితుడే కాగలడన్న సంగతి మన విమర్శ సిద్ధాంతంగా ఒప్పుకుంటుంది. పాత్రగా ఒప్పుకోవడానికి మాత్రం మనకు అతని జుట్టు అడ్డం వచ్చినట్టుంది.

ఇక వలసపాలకుల శాస్త్రం. 1901 జనాభా లెక్కలు నడిపిన రిస్లీ ముక్కు వెడల్పుకూ కులం ఎత్తుకూ లంకె పెట్టాడు. మద్రాసు మ్యూజియం అధికారి థర్స్‌టన్ కొలపరికరాలు పట్టుకుని దక్షిణాది కులాలనూ తెగలనూ కొలిచి 1909లో ఏడు సంపుటాలు వేశాడు. 1931 లెక్కల నాటికి బి.ఎస్. గుహ కేరళ అడవుల్లోని కాడర్ల ఉంగరాల జుట్టును ముఖ్య ఆధారంగా తీసుకుని ఈ దేశపు జనాభాలో అన్నిటికంటే అడుగున 'నీగ్రిటో' పొర ఉందన్నాడు. జుట్టు చుట్టుకుంటే మనిషి అడుగుపొర! ఇవాళ జన్యుశాస్త్రం దీన్ని నిలవనివ్వదు. అండమాన్ ఆదివాసుల జుట్టూ, పపువా ప్రజల జుట్టూ, ఆఫ్రికా ప్రజల జుట్టూ చూపుకు ఒకలాగే చుట్టుకుంటాయి. వంశంలో మాత్రం అండమాన్ వాళ్ళు ఆఫ్రికా వాళ్ళకంటే ఆసియా వాళ్ళకే దగ్గర. ఒకే రకం జుట్టు వేరువేరు జనాల్లో ఉండగలదు.

ఈ శాస్త్రం అన్నిటికంటే నీచంగా దిగింది దక్షిణాఫ్రికాలో. 1950 నాటి జనాభా నమోదు చట్టం ప్రతి మనిషినీ ఒక జాతిగడిలో వేసింది. సందేహం వచ్చినచోట అధికారులు జుట్టులో పెన్సిలు గుచ్చేవారు. జారి కింద పడితే తెల్లవాడు, నిలిస్తే కాదు. తెల్ల తల్లిదండ్రులకు పుట్టిన సాండ్రా లైంగ్ అనే పదేళ్ళ పిల్లను 1966లో చర్మం రంగూ ఉంగరాల జుట్టూ చూసి బడినుంచి పంపేశారు. ఆ చట్టం 1991 దాకా బతికింది. 1860 నుంచి నాటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళిన తెలుగువాళ్ళు అక్కడ ఉన్నారు, 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. వాళ్ళను ఇండియన్ అనే మరో గడిలో వేశారు. జారేది ఒకటి, నిలిచేది ఒకటి. సురభి విగ్గుల దగ్గర నేను చూసిన సూత్రమే అక్కడ చట్టమయింది. నా తరగతిలో కూడా పెన్సిలు లేదు గాని పరీక్ష జరిగింది.

ఇంతకూ ఆ జుట్టు ఎందుకు జారదు? ఇక్కడ సైన్సు పంతులు మిత్రుడి సాయం తీసుకున్నాను. ఏ జుట్టయినా కెరాటిన్ అనే ప్రొటీనే. నిటారు జుట్టుకూ ఉంగరాల జుట్టుకూ పదార్థంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా ఆకారంలో ఉంది. చర్మం లోపల వెంట్రుక కుదురే వంగి ఉంటుంది. వెంట్రుకను అడ్డంగా కోస్తే కొన్ని గుండ్రంగా ఉంటాయి, బిగుతైన ఉంగరాల వెంట్రుక అణిగిన గుడ్డులా, పొడవునా మెలికలు తిరుగుతూ ఉంటుంది. గొర్రె ఉన్ని మీద 1953లో హోరియో, కొండో అనే జపాను పరిశోధకులు చూపినట్టు, పోగులో రెండు పక్కలా రెండు రకాల కణాలుంటే ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ముడుచుకుని పోగు వంపు తిరుగుతుంది. గొర్రెబొచ్చు అని తిట్టేవాళ్ళు తెలియకుండానే శాస్త్రం మాట్లాడుతున్నారన్నమాట.

వెంట్రుక బలం సంగతి. సాధారణమైన మందం ఉన్న ఒక వెంట్రుక 70 నుంచి 100 గ్రాముల దాకా మోస్తుంది. తలమీద సుమారు లక్ష వెంట్రుకలు. లెక్క వేస్తే ఏడు నుంచి పది టన్నులు. ద్రౌపది జుట్టుకు రథాన్ని కట్టి వేలాడదీయవచ్చు, తెగేది చర్మం. సాగడం ఇంకా విచిత్రం. ఆరిన వెంట్రుకను లాగితే మొదటి రెండు శాతం దాకా స్ప్రింగులా ఎదురు తిరుగుతుంది. అది దాటాక ఉన్నట్టుండి మెత్తబడి, బలం పెద్దగా పెంచకుండానే పాతిక ముప్పై శాతం దాకా సాగిపోతుంది. తర్వాత మళ్ళీ బిగుసుకుని చివరికి తెగుతుంది. ఆ మధ్యలో లోపల చుట్టలు చుట్టుకున్న ప్రొటీను గొలుసులు విప్పుకుంటాయి. ఇంగ్లండులో లీడ్స్ నగరపు ఉన్నిమిల్లుల నీడలో ఆస్ట్‌బరీ 1930లలో ఎక్స్‌కిరణాలతో దీన్ని చూశాడు. ఆ చుట్ట అసలు ఆకారాన్ని 1951లో లైనస్ పౌలింగ్ చెప్పాడు. అంటే నిటారు వెంట్రుక లోపలా చుట్టలే ఉన్నాయి. తడిస్తే వెంట్రుక ఇంకా తేలిగ్గా సాగుతుంది. 1783లో సోసూర్ గాలిలో తేమ కొలిచే పరికరాన్ని మనిషి వెంట్రుకతో చేసింది తేమకు వెంట్రుక పొడవు పెరిగే గుణం వల్లే.

ఈ కొలతలకు చాలాకాలం నిటారు వెంట్రుకే ప్రమాణం. బిగుతైన ఉంగరాల వెంట్రుకను యంత్రంలో పెడితే తొందరగా తెగింది, తక్కువ సాగింది, కాబట్టి అది బలహీనమని తేల్చారు. తొందరగా తెగడం నిజమే. మెలిక తిరిగినచోట, వంపు దగ్గర ఒత్తిడి పోగవుతుంది. తలలో పుట్టిన నూనె చుట్టలు దాటి కొసదాకా చేరదు, పొడిబారుతుంది. వెంట్రుకలు ఒకదాన్నొకటి చుట్టుకుని ముడులు పడతాయి. దువ్వెన ఆ ముడిని విప్పదు, తెంపుతుంది. కేప్‌టౌన్‌లో చర్మవైద్య పరిశోధకురాలు ఖుమాలో, ఆమె సహచరులు 2000లో ఆఫ్రికన్ జుట్టును సూక్ష్మదర్శిని కింద పెట్టి ముడులూ విరిగిన కొసలూ చూపారు. జుట్టు పొట్టిగా కనిపించడానికి ఆ విరగడం ఒక పెద్ద కారణం. అదే బృందంవాళ్ళు 2020లో మరో సంగతి చెప్పారు. ఉంగరాల వెంట్రుకను లాగినప్పుడు మొదట కొంతసేపు జరిగేది సాగడం కాదు, ఉంగరం విప్పుకోవడం. పాత పద్ధతిలో ఆ భాగాన్ని లెక్కలోకి తీసుకోకుండా వదిలేసేవారు. దాన్ని లెక్కలో చేర్చకుండా ఆ వెంట్రుక బలాన్ని అంచనా వేయలేం. నిటారు మనిషి కొలబద్దతో వంకర మనిషిని కొలిచి తక్కువ మార్కులు వేయడం పంతులుగా నాకు బాగా తెలిసిన పనే.

ఇక జారడం. ఉంగరాల పోగును కింద వేలాడదీస్తే బరువు దాన్ని సాగదీస్తుంది, బిగువు దాన్ని చుట్టగా ఉంచుతుంది. ఈ రెండింటి పోటీని 2014లో అమెరికా, ఫ్రాన్సు పరిశోధకులు కలిసి లెక్కగట్టారు. ఉంగరం పెద్దదై పోగు పొడుగైతే బరువు గెలుస్తుంది, జుట్టు జారుతుంది. ఉంగరం చిన్నదైతే బిగువు గెలుస్తుంది, జుట్టు నిలుస్తుంది. దైవానికీ రాక్షసానికీ నడుమ ఉన్నదంతా ఇంతే. పైగా ఆ నిలిచిన జుట్టు ఎండ వేడిని మాడుకు చేరనివ్వదనీ, చెమట రూపంలో పోయే నీటిని ఆదా చేస్తుందనీ 2023లో టీనా లసీసీ బృందం బొమ్మతల మీద విగ్గులు పెట్టి కొలిచి చూపింది. ఎండలో పనిచేసే మనిషికి అంతకంటే మంచి గొడుగు ఏముంది!

మా తెల్లాపూర్ ఒకప్పుడు మెదక్ జిల్లాలో ఒక పల్లె. 2018లో మునిసిపాలిటీ అయింది. చెరువుగట్టు మీద నిలబడితే చుట్టూ ముప్పై నలభై అంతస్తుల మేడలు కనిపిస్తాయి. రోడ్డు పక్క బ్యూటీపార్లర్లలో 'స్మూతెనింగ్', 'కెరాటిన్' అని రేట్లు రాసి ఉంటాయి. ఉన్న కెరాటిన్ బంధాలను మందుతో వదులుచేసి, ఇనుముతో కాల్చి, నిటారుగా మళ్ళీ బిగిస్తారు. కొత్త జుట్టు మొలిచాక మళ్ళీ వెళ్ళాలి. అదే రోడ్డు మీద పొద్దున ఆటోలో ఒకాయన వస్తాడు. రాలిన వెంట్రుకలకు స్టీలు గిన్నెలిస్తాడు. దువ్వెనలోంచి తీసి గోడసందులో దాచిన ఉండలు అతని సంచిలోకి వెళతాయి. అటు తిరుమలలో భక్తులు ఇచ్చే తలనీలాలను పొడవును బట్టి వేరుచేసి దేవస్థానం వేలం వేస్తుంది. మొదలూ కొసా ఒకే వైపు ఉన్న వెంట్రుకలు చిక్కుపడవు కనుక గుండు గీసినప్పుడు వచ్చిన జుట్టుకే విలువ ఎక్కువ.

ఈ వ్యాపారం ఇంత పెరగడానికి మూలం ప్రచ్ఛన్నయుద్ధంలో ఉంది. 1966లో అమెరికా కమ్యూనిస్టు చైనా వెంట్రుకల మీద నిషేధం పెట్టింది. విగ్గుల గిరాకీ భారతదేశం వైపు మళ్ళింది. 2004లో ఇజ్రాయెల్ మతగురువులు కొందరు తిరుపతి జుట్టు విగ్రహారాధనకు సంబంధించినదని అభ్యంతరం చెప్పడంతో న్యూయార్కు వీధుల్లో యూదు స్త్రీలు విగ్గులు తగలబెట్టారు. 2022లో మన ప్రభుత్వం శుద్ధి చేయని వెంట్రుకల ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. ఈ జుట్టులో పెద్ద భాగం చేరేది అమెరికాలోనూ ఆఫ్రికాలోనూ ఉంగరాల జుట్టున్న నల్లజాతి స్త్రీల తలలకు. అక్కడ ఉద్యోగానికీ బడికీ నిటారు జుట్టు ఒక అర్హతపత్రం. జుట్టుతీరును బట్టి వివక్ష చూపడం కుదరదని కాలిఫోర్నియా చట్టం చేసింది 2019లో. మొక్కు కింద ఒక తల్లి ఉచితంగా ఇచ్చిన జుట్టు, మరో తల్లి తన జుట్టుకు సిగ్గుపడి కొనే సరుకయింది. ఇద్దరి మధ్యా ఉన్నవాడికి మాత్రమే లాభం. సరుకు మీద మనకు పెద్ద సిద్ధాంతం ఉంది. తలమీద ఉన్న సరుకును మన కథకులు ఇంకా రాయవలసే ఉంది.

నాటకం అయిపోయిన నెలకు సైన్సు పంతులూ నేనూ కలిసి ఎనిమిదో తరగతిలో వెంట్రుకను కొలిచే పాఠం పెట్టాం. రాలిన వెంట్రుకనే తేవాలన్నాం. అట్టముక్కకు టేపు వేసి అంటించడం, స్కేలు పక్కన పెట్టడం, కాగితానికి గుచ్చే క్లిప్పులు ఒక్కొక్కటే తగిలించడం. ఇంటి దగ్గర వెంట్రుక ఇతరుల చేతికివ్వొద్దని పెద్దవాళ్ళు అన్నారని కొందరు తేలేదు. ఆ అమ్మాయి తెచ్చింది. "గిన్నెలాయన నా ఎంట్రుకలు తీసుకోడు సార్, జానెడు లేవంటడు. మా అమ్మవే తీసుకుంటడు" అని చెప్పింది. చెబుతూనే తన వెంట్రుకను స్కేలు మీద పెట్టింది. ఆరు సెంటీమీటర్లు. కొస పట్టుకుని మెల్లగా లాగింది. వెంట్రుక ఇంకా సాగడం మొదలు కాలేదు, చుట్టలు విప్పుకుంటున్నాయంతే. పదిహేను దాటింది. వదిలేసింది. మళ్ళీ ఆరు.

పట్టికలో మొదటి గడి 'పొడవు'. ఆమె పెన్ను పట్టుకుని నా వైపు చూసింది.

"ఏది రాయాలె సార్?"